బుల్లెట్ నేర్చుకుంటానంటే మా వారు వద్దంటున్నారు

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు. సూర్యాపేట జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. పదేళ్ళుగా స్కూటీ మీదే బడికి వెళ్ళి వస్తున్నాను. దారిలో కొంత హైదరాబాద్–విజయవాడ హైవే మీద పోవాలి. మా బడికి కొత్తగా వచ్చిన పి.ఇ.టి. మేడమ్ బుల్లెట్ మీద వస్తారు. ఒక సాయంత్రం మైదానంలో నాచేత రెండు చుట్లు నడిపించారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బండి బాగా నేర్చుకోవాలని, సెలవుల్లో నాగార్జునసాగర్ దాకా నేనే నడుపుకుంటూ వెళ్ళాలని కోరిక.

మా వారికి చెబితే "స్కూటీ ఉంది కదా, ఆడవాళ్ళకు అది చాలదా?" అన్నారు. రెండు రోజుల తరవాత "ఏదైనా అడుగు, అది తప్ప" అన్నారు. 2016లో మా మరిది ఒక పెళ్ళికి వెళ్ళి, రాత్రి మోటార్ సైకిల్ మీద తిరిగి వస్తూ, హైవే పక్కన ఆగి ఉన్న లారీని గుద్దుకుని చనిపోయాడు. హెల్మెట్ బండి అద్దానికి తగిలించే ఉంది. మాకు ఇద్దరు పిల్లలు. బాబుకు 14, పాపకు 10. అత్తమ్మ మాతోనే ఉంటారు. ఆవిడ ఏమీ అనలేదు.

మా వారికి చెప్పకుండా నేర్చుకుని, లైసెన్సు వచ్చాక చెప్పమని మేడమ్ సలహా ఇచ్చారు. అలా చెయ్యవచ్చా? లేక ఆయన మాట విని మానుకోవాలా? ఇంకో మాట, నవ్వకండి: ఎప్పటికైనా ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాలని కూడా ఉంది.

— ఒక టీచర్

జవాబు:

నేర్చుకోండి. ఆయనకు చెప్పకుండా మాత్రం వద్దు. బుల్లెట్ ఇప్పుడే కొనకండి.

మీ వారు రెండు రోజుల తేడాతో రెండు మాటలన్నారు. రెండింటినీ ఒకే గాటన కట్టి మీరు నాకు రాశారు. మొదటిది అలవాటు కొద్దీ నోటికొచ్చిన మాట. ఆడవాళ్ళకు స్కూటీ, మగవాళ్ళకు బండి అని ఎవరో పంచిపెట్టినట్టు ఊరంతా అనే మాటే ఆయనా అన్నారు. దానికి జవాబు చెప్పాలని కూర్చోకండి. వాదించిన కొద్దీ ఆయన ఆ మాటకే కట్టుబడిపోతారు, అసలు సంగతి వెనక్కి పోతుంది. రెండో మాట రెండు రోజులు లోపల నలిగి బయటికొచ్చింది. "ఏదైనా అడుగు, అది తప్ప" అనే మనిషి పెత్తనం చేయడం లేదు, బతిమాలుతున్నారు. మీరు జవాబు చెప్పవలసింది దానికి.

రహస్యంగా నేర్చుకోవడం గురించి ముందు చెప్పేస్తాను. కొత్తగా నేర్చుకునేవాళ్ళు పడతారు. ఆగేటప్పుడు, మలుపు తిప్పేటప్పుడు, క్లచ్ వదలడంలో తడబడినప్పుడు పడతారు. చాలాసార్లు మోచేయి చెక్కుకుపోవడంతోనో, చీలమండ బెణకడంతోనో సరిపోతుంది. కానీ ఎవరో ఒకరు మీ ఇంటికి ఫోను చేస్తారు. 2016లో ఆ ఇంటికి అలాంటి ఫోను ఒకటి వచ్చింది. మీరు నేర్చుకుంటున్నట్టే తెలియని మనిషికి "మీ ఆవిడ బండి మీద నుంచి పడ్డారు, కంగారు పడకండి" అని ఎవరో చెబితే, ఆ తరవాత మీరు పదేళ్ళు క్షేమంగా నడిపినా ఆయన మిమ్మల్ని నమ్మరు. నమ్మకపోవడంలో తప్పూ ఉండదు.

చట్టం సంగతి కూడా ఉంది. మీ దగ్గర ఉన్నది గేరు లేని ద్విచక్ర వాహనం లైసెన్సు మాత్రమే అయితే, దానితో గేరు బండిని రోడ్డెక్కించకూడదు. గేరు బండికి లెర్నర్ లైసెన్సు తీసుకోవాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు గడిచాక పరీక్షకు వెళ్ళవచ్చు. రేపు బండి మీ పేరు మీద ఉన్నప్పుడు, యజమానికి తప్పనిసరిగా ఉండవలసిన 15 లక్షల రూపాయల ప్రమాద బీమా కూడా, నడిపేవారికి ఆ తరగతి వాహనానికి చెల్లే లైసెన్సు ఉంటేనే వర్తిస్తుంది. మైదానం గేటు దాటి చాటుగా ఒక్క కిలోమీటరు పోయినా మీరు ఈ రక్షణలన్నీ వదులుకున్నట్టే.

ఇప్పుడు మీ మరిది విషయం. ఆ రాత్రి జరిగినట్టివి ఎలా జరుగుతాయో మీకు తెలియాలి, ఎందుకంటే మీరు పోయే రోడ్డూ అదే. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ముందు ఏదో ఉందని కన్ను పసిగట్టి చెయ్యి బ్రేకు పట్టడానికి ఒకటిన్నర సెకను అనుకుంటే, అప్పటికే 33 మీటర్లు అయిపోతాయి. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినా ఆగడానికి ఇంకో 40 మీటర్లు కావాలి. మొత్తం 70 మీటర్ల పైమాట. వెనక లైటు వెలగని, ఎర్ర స్టిక్కర్లు దుమ్ములో కలిసిపోయిన లారీ డిప్ లైటు వెలుగులో 50 మీటర్ల దూరాన కనిపిస్తే అదృష్టం. ఎదురుగా వచ్చే వాహనం లైటు కళ్ళలో పడితే ఆ అదృష్టమూ లేదు. నడపడం ఎంత బాగా వచ్చినా ఈ లెక్క మారదు. అదే 50 కిలోమీటర్ల వేగంలో అయితే అంతా కలిపి 37 మీటర్లలో ఆగిపోవచ్చు. తలకు ఉండవలసింది అద్దానికి వేలాడడం దీనికి తోడు.

ఈ లెక్క మీకోసం చెప్పాను. దయచేసి మీ వారి ముందు పెట్టకండి. తమ్ముణ్ణి పోగొట్టుకున్న అన్నకు మీటర్ల లెక్క చెబితే "వాడు నెమ్మదిగా వచ్చి ఉంటే బతికేవాడు" అనే వినిపిస్తుంది. ఆ మాట ఆయన తనకు తాను వందసార్లు చెప్పుకునే ఉంటారు. వాడిని ఆ రాత్రి అక్కడే పడుకోమని తానెందుకు చెప్పలేదని కూడా అనుకుని ఉంటారు.

మీ ఉత్తరంలో నేను అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగింది మీ అత్తగారి దగ్గర. ఆవిడ గురించి రెండు చిన్న వాక్యాలతో సరిపెట్టారు. "ఆవిడ ఏమీ అనలేదు" అని రాసి ముందుకు వెళ్ళిపోయారు. కొడుకును బండి మీద పోగొట్టుకున్న తల్లి ఆ ప్రస్తావన వచ్చినప్పుడు ఏమీ అనకపోవడాన్ని ఒప్పుకోలుగా తీసుకోకండి. బండి కొంటే అది మీ వాకిట్లో నిలబడుతుంది. మీరు బళ్ళో ఉన్నంతసేపూ మీకు అది గుర్తుకు రాకపోవచ్చు, ఆవిడకు గుర్తుంటుంది. బడిలో మీటింగు పెట్టి మీకు అరగంట ఆలస్యమైన రోజు గేటు దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళి వచ్చేది ఆవిడ. మీ వారి భయంలో కొంత భాగం తల్లి తరఫున పడుతున్నదే అయి ఉంటుందని నా ఊహ. మగపిల్లలు ఇలాంటివి నోరు తెరిచి చెప్పరు.

అందుకని ఆవిడతో మీరే మాట్లాడండి, మధ్యలో కొడుకును పెట్టకుండా. "అత్తమ్మా, నేను బండి నేర్చుకుందామనుకుంటున్నాను. మీకు ఎట్లా అనిపిస్తుంది?" అని అడగండి. ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వండి. చిన్నకొడుకు సంగతులు చెబితే వినండి. "నేర్చుకో" అనే అవకాశం కూడా ఉంది. ఈ వయసు ఆడవాళ్ళు కోడళ్ళ కోరికల్ని మనం అనుకున్నదానికంటే బాగా అర్థం చేసుకోవడం నేను చూశాను. సైకిలు కూడా తొక్కనివ్వని రోజుల్లో పెరిగినవాళ్ళు వాళ్ళు.

మీ వారితో మాట్లాడేటప్పుడు మీరు చెప్పడం తరవాత, ముందు ఆయన్ని చెప్పనివ్వండి. పిల్లలు పడుకున్నాక, ఆ రోజు ఏం జరిగిందో అడగండి. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ రాత్రి గురించి ఆయన మీకు పూర్తిగా చెప్పి ఉండకపోవచ్చు. ఆయన చెప్పినరోజే మీ కోరికను మళ్ళీ ఎత్తకండి. రెండు మూడు రోజులు ఆగండి. ఆయన రెండో మాట చెప్పడానికి అంతే సమయం తీసుకున్నారు కదా.

ఆ తరవాత మాటల్లో ఒక విషయం నిజాయితీగా ఒప్పుకోండి. మోటార్ సైకిల్ ప్రమాదం లేని వాహనం కాదు, ఎన్ని జాగ్రత్తలు పడినా కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. అయితే ఆ 44.5 శాతంలో స్కూటీలు కూడా ఉన్నాయి. పదేళ్ళుగా మీరు హైవే మీద అదే వర్గంలో ప్రయాణం చేస్తున్నారు. యు-టర్న్ దాకా పోవడానికి బద్ధకించి తప్పు దిశలో ఎదురొచ్చే బళ్ళు, పంటకాలంలో సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, సందెవేళ ఇంటికి మళ్ళే గేదెలు మీకు కొత్తవి కావు. స్కూటీ చక్రం చిన్నది కనక గుంతలో పడితే ఎక్కువ తడబడేది కూడా అదే. ఇన్నేళ్ళలో మీ హెల్మెట్ ఏ రకానిదో ఇంట్లో ఎవరైనా చూశారా? నడినెత్తిని మాత్రమే కప్పే టోపీలాంటిదే అయి ఉంటుందని నా అనుమానం. మీ వారి భయం బుల్లెట్ దగ్గర మేలుకుని స్కూటీ దగ్గర నిద్రపోతోంది. దాన్ని పూర్తిగా మేల్కొలిపితే మీ ఇద్దరికీ మేలే.

అలాగని స్కూటీ, బుల్లెట్ ఒకటేనని నేననను. స్కూటీ మీద మీరు బడికి పోతారు, బుల్లెట్ మీద సాగర్ పోదామనిపిస్తుంది. దూరం పెరుగుతుంది, వేగం పెరుగుతుంది, తిరుగు ప్రయాణంలో పొద్దుగూకుతుంది. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోని మోటార్ సైకిల్ ప్రమాదాలను పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. ప్రమాదానికి గురైనవారిలో 92 శాతం మంది సొంతంగానో, ఇంట్లోవాళ్ళ దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవారు. మన దగ్గర దాదాపు అందరూ అలాగే నేర్చుకుంటారు కాబట్టి ఈ అంకె మనకు పెద్దగా ఉపయోగపడదు. అదే నివేదికలోని ఇంకో సంగతి పనికొస్తుంది: సగానికి పైగా మందికి ఆ బండి మీద ఐదు నెలల అనుభవం కూడా లేదు. ఆ మొదటి నెలలు ఎలా గడుస్తాయన్నదే మీ ఇంట్లో చర్చ కావాలి.

మొదటి నెలల్లో మీకు ఎదురయ్యే పెద్ద చిక్కు ఒకటి ఉంది. మీ మేడమ్ చెప్పారో లేదో. స్కూటీ మీద మీ ఎడమ చేతి కింద ఉన్నది వెనక బ్రేకు. బుల్లెట్ మీద ఎడమ చేతి కింద ఉన్నది క్లచ్. వెనక బ్రేకు కుడి కాలి కిందికి పోయింది. పదేళ్ళుగా మీ చేతులు ఒకటే నేర్చుకున్నాయి: ఎదురుగా ఏదైనా వస్తే ఎడమ చెయ్యి బిగించు. కంగారులో చేతులు పాత పనే చేస్తాయి. బండి మీద అలా ఎడమ చెయ్యి మాత్రమే బిగిస్తే క్లచ్ పడుతుంది, బండి ఆగదు. ఇంజను పట్టు కూడా వదిలేసి అది ముందుకు జారుతుంది. ఏ వాహనమూ నడపనివాళ్ళకు లేని ఇబ్బంది ఇది. ఇంకా మీరు రోజూ స్కూటీ నడుపుతూనే ఉంటారు, కాబట్టి చేతులు రెండు భాషలు నేర్చుకోవాలి. మందు ఒకటే: ఖాళీ మైదానంలో ఊరికే చుట్లు కొట్టడం మానేసి, ఆగడం సాధన చేయండి. ఇరవై వేగంలో, ముప్ఫై వేగంలో, మేడమ్ చెయ్యి ఎత్తగానే ఆగాలి. ముందు బ్రేకు అంటే చాలామందికి భయం, బండి పల్టీ కొడుతుందని. నిజానికి ఆపే శక్తిలో ఎక్కువ భాగం దానిదే. ఒక్కసారిగా గుంజకుండా వత్తిడి పెంచుకుంటూ పట్టడం అలవాటు కావాలి. అది ఆలోచించకుండా వచ్చేదాకా రోడ్డు జోలికి పోకండి.

బుల్లెట్ ఇప్పుడే కొనవద్దనడానికి కారణం కూడా సాధనే. మీ స్కూటీ బరువు నూరు కిలోల చుట్టుపక్కల ఉంటుంది. స్ప్లెండర్ లాంటి బండి 112 కిలోలు. బుల్లెట్ 350 సుమారు 195 కిలోలు. కదులుతున్నప్పుడు ఏ బండి బరువూ తెలియదు. ఏటవాలు చోట ఆపినప్పుడు, ఇసుకలో కాలు జారినప్పుడు, పెట్రోలు బంకులో వెనక్కి నెట్టవలసి వచ్చినప్పుడు తెలుస్తుంది. అప్పుడు ఆరడుగుల మగవాడూ పడేస్తాడు, కాబట్టి మీ వారో పక్కింటివారో దీన్ని ఆడామగా లెక్కలోకి లాగితే వినకండి. రెండు పాదాలూ నేలకు ఆనే 100, 125 సీసీ పాత బండి ఒకటి చూసుకోండి. గీతలు పడ్డా బాధపడనక్కరలేనిది. నేర్చుకున్నాక అమ్మేయవచ్చు. దానికి ఒక లోటు ఉంది: బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్‌ను 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్ళకు తప్పనిసరి చేశారు, చిన్న బళ్ళకు అప్పుడు చేయలేదు. తడి రోడ్డు మీద బ్రేకు గట్టిగా పట్టేస్తే చక్రం బిగుసుకుని జారవచ్చు. వానలో బయటికి తీయకండి.

హెల్మెట్ విషయంలో బేరాలు లేవు. గడ్డం దాకా ముఖమంతా కప్పేది, ఐఎస్‌ఐ గుర్తు ఉన్నది, తలకు బిగుతుగా పట్టేది కొనండి, కింద పట్టీ ప్రతిసారీ పెట్టుకోండి. హెల్మెట్ వల్ల మరణించే అవకాశం 42 శాతం, తలకు గాయమయ్యే అవకాశం 69 శాతం తగ్గుతాయని అనేక అధ్యయనాలను కలిపి చూసిన కాక్రేన్ అనే వైద్య పరిశోధన సంస్థ సమీక్ష 2008లో తేల్చింది. స్కూటీకి కూడా ఇదే వాడండి. నిజానికి బండి నేర్చుకోవాలా వద్దా అన్నది తేలేలోపే దీన్ని కొనేయవచ్చు. చెప్పులు వద్దు, మడమ కప్పే బూట్లు. చున్నీ వెనక చక్రంలో పడి మెడకు బిగుసుకుంటుంది, అది ఇంట్లోనో బ్యాగులోనో ఉండాలి.

షరతులు మీరు రాసి ఆయన చేత సంతకం పెట్టించినట్టు కాకుండా, ఆయన చేతనే చెప్పించండి. భయపడే మనిషికి పని ఇస్తే భయం కొంత తగ్గుతుంది. రాత్రి వద్దంటారు, ఒప్పుకోండి. లైసెన్సు వచ్చాక ఆరు నెలలు హైవే వద్దంటారు, అదీ సబబే. ఊళ్ళ మధ్య రోడ్లే మీకు చాలు. పిల్లల్ని ఎక్కించవద్దంటారు, ఆ మాట ఆయన అనకపోతే నేనంటున్నాను. చేరగానే ఫోను చెయ్యమంటారు, చెయ్యండి. ప్రతి మలుపు దగ్గరా చెయ్యమంటే మాత్రం కుదరదని చెప్పండి, బండి మీద ఫోను మోగడం ఇంకో ప్రమాదం. ఆరు నెలల తరవాత కూర్చుని మళ్ళీ మాట్లాడుకోవాలని ముందే అనుకోండి. సాగర్ ప్రయాణం అప్పుడు, మేడమ్ తోడుగా, తెల్లారాక బయలుదేరి చీకటి పడకముందే ఇల్లు చేరేలా.

మీ బాబుకు 14 అన్నారు. మీ వారు ఆలోచించని కోణం ఇది. నాలుగేళ్ళలో మీ ఇంటికి మోటార్ సైకిల్ ప్రశ్న ఎలాగూ వస్తుంది, ఈసారి పద్దెనిమిదేళ్ళ కుర్రవాడి నోటి నుంచి. ఇంకా ముందే రావచ్చు. మైనర్ చేతికి బండి ఇస్తే తల్లిదండ్రులకు మూడేళ్ళ దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా అని 2019లో చట్టాన్ని సవరించినా, మీ బడి గేటు ముందు సాయంత్రం ఏం కనిపిస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ రోజు "మీ బాబాయి గుర్తున్నాడా" అని ఏడవడం తప్ప ఇంకేమీ లేని ఇంట్లో ఆ ప్రశ్న వస్తే వాడు స్నేహితుడి బండి ఎక్కుతాడు. లెర్నర్ లైసెన్సు, పూర్తి హెల్మెట్, చీకటికి ముందే ఇల్లు అనే పద్ధతి తల్లి దగ్గర చూసిన వాడికి అదే పద్ధతి పెట్టవచ్చు. ఇది మీ వారికి చెప్పి చూడండి. ఆయన జవాబు వెంటనే రాకపోతే అది మంచి సూచనే.

ఇన్ని చేసినా ఆయన వద్దనే అంటే? లైసెన్సు తీసుకోవడానికి, మైదానంలో నేర్చుకోవడానికి మీకు ఎవరి అనుమతీ అక్కరలేదు. "నేను రేపటి నుంచి వెళుతున్నాను" అని చెప్పి వెళ్ళండి. ఇంటి డబ్బుతో బండి కొని ఆ వాకిట్లో పెట్టడం మాత్రం వేరు. దానికి ఆయన ఒప్పుకోలు కావాలి, అత్తగారికి తెలిసి జరగాలి. ఒప్పుకోలు రాకుండా కొన్న బండి మీద మీరు పోయిన ప్రతిసారీ ఇంట్లో ఇద్దరు మనుషులు గడియారం చూస్తూ కూర్చుంటారు. కొన్నాళ్ళకు మీకు ఆ బండి మీద ప్రేమ పోతుంది, లేదా ఆ మనుషుల మీద. ఒప్పుకోకపోతే ఒక ఏడాది ఆగండి. మైదానంలో సాధన సాగుతూనే ఉంటుంది, మీ బ్రేకులు ఇంకా బాగుపడతాయి. 42 ఏళ్ళకు బండి కొన్నా ఎవరూ ముసలివాళ్ళనరు.

చివరి మాటకు నవ్వలేదు. వెనక మనిషి కూర్చుంటే బండి ఆగే దూరం పెరుగుతుంది, మలుపులో తీరు మారుతుంది, ఆ మనిషి భయపడి పక్కకు ఒరిగితే మీ చేతిలో హ్యాండిల్ తేడా చేస్తుంది. కాబట్టి లైసెన్సు వచ్చిన మొదటి ఏడాది ఎవరినీ ఎక్కించుకోకండి. 2022లో హెల్మెట్ లేక చనిపోయిన 50,029 మందిలో 14,337 మంది వెనక కూర్చున్నవారే, అందుకని హెల్మెట్లు రెండు కొనండి. ఆయన సైజు అడగడానికి అదొక వంక కూడా. మొదటిసారి ఊరి చెరువు దాకా, పట్టపగలు, ముప్ఫై దాటకుండా తీసుకెళ్ళండి. ఆయన మీ భుజం గట్టిగా పట్టుకుంటారు, బ్రేకు వేయమని ప్రతి నిమిషం చెబుతారు. చెప్పనివ్వండి, కానీ ఎప్పుడు వేయాలో మీరే చూసుకోండి.